నింపకూడని పీపా

పీపాలో ఖాళీ ఉండకూడదు. వైన్ పనిలో కొత్తగా చేరినవాడి చేతికి గొట్టం ఇవ్వకముందే చెప్పే మాట ఇది. చెక్కలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది. తగ్గిన మేరకు పైన గాలి చేరుతుంది. గాలి చేరిందంటే వైన్‌ను వెనిగర్‌గా మార్చే బాక్టీరియాకు పండగే. అందుకని వారానికో పది రోజులకో బిరడా తీసి, అదే రకం వైన్ పోసి, అంచుదాకా నింపుతారు. నాసిక్ దగ్గర ఒక వైనరీలో ఉద్యోగం మొదలుపెట్టినప్పుడు నా చేత ఎక్కువగా చేయించింది ఈ పనే. చివరికి బస్సులో పక్కవాడి నీళ్ల సీసా సగం ఖాళీగా కనిపించినా చెయ్యి ఊరుకునేది కాదు.

ఆ చేత్తోనే ఫ్రాన్స్‌లో ఒక రైతు కుటుంబం సెల్లార్‌లో ఒక పీపా పాడుచేశాను. పాడుచేసింది తెలియక. పాడైందని తెలిశాక చేసింది మాత్రం తెలిసే. చెప్పుకోవలసింది ఆ రెండోదాని గురించే. కానీ అక్కడి వైన్ ఎలా తయారవుతుందో చెప్పకపోతే నేను చేసిన పని ఎంత తెలివితక్కువదో తెలియదు.

బర్గండీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య జూరా కొండలున్నాయి. రాక్షసబల్లుల సినిమా పేరులోని ‘జురాసిక్’ ఈ కొండల నుంచి వచ్చిందే. వాటి పడమటి వాలు మీద, ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్ల పొడవున సన్నటి పట్టీలా ద్రాక్షతోటలు. మొత్తం కలిపినా 2,000 హెక్టార్లు, అటూ ఇటూగా. పందొమ్మిదో శతాబ్దంలో ఇది దాదాపు 20,000 హెక్టార్లు. ద్రాక్ష వేళ్లను తినేసే ఫిలాక్సెరా పురుగు వచ్చింది, తర్వాత యుద్ధాలు వచ్చాయి, చాలామంది తోటలు పీకేసి ఆవులు పెట్టుకున్నారు. ఆ ఆవుల పాలతో చేసే ‘కొంతే’ అనే జున్ను ఇప్పుడు వైన్ కన్నా పేరున్న సరుకు. మిగిలిన కాస్త తోటలను మాత్రం అక్కడివాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ఏ ఊరి వైన్‌కు ఆ ఊరి పేరు చట్టబద్ధంగా దక్కే పద్ధతి ఫ్రాన్స్‌లో మొదలైన 1936లోనే, మొట్టమొదటి జాబితాలోనే, ఆర్బ్వా ఊరి పేరు ఎక్కింది.

ఐదు రకాల ద్రాక్ష పండిస్తారు. ఎర్రవి పూల్సార్, ట్రూసో, పీనో న్వార్. తెల్లవి షార్డొనే, సవన్యాన్. షార్డొనే ఎక్కడైనా దొరుకుతుంది. సవన్యాన్ అలా కాదు. చిన్న కాయ, మందపాటి తొక్క, కాపు తక్కువ, అందరి కోత అయ్యాక ఆఖర్న పండుతుంది. నీలం కలిసిన బూడిదరంగులో ఉండే సున్నపు బంకమన్ను దానికి ఇష్టం. వాన పడితే ఆ మన్ను చెప్పులను వదలదు. ఇది చాలా పాత రకం. సొవిన్యాన్ బ్లాంక్, షెనాన్ లాంటి పేరున్న రకాలకు ఇది పూర్వీకురాలని జన్యు పరీక్షలు తేల్చాయి. ఘాటైన గులాబీ వాసనతో ఉండే గెవుర్జ్‌ట్రామినర్ కూడా దీని మార్పు రూపమే. ఆస్ట్రేలియా రైతులు కొందరు స్పెయిన్ రకం అల్బారీన్యో అనుకుని ఏళ్ల తరబడి పెంచిన తీగలు సవన్యాన్ అని 2009 ప్రాంతంలో బయటపడింది. ఈ ద్రాక్ష విషయంలో పొరపాటు పడినవాళ్లలో నేనొక్కణ్నే లేనని ఆ కథ చదివినప్పుడల్లా కాస్త ఊరట. వాళ్లకైనా మొక్కలు అమ్మినవాళ్లు తప్పు చెప్పారు. నాకెవరూ తప్పు చెప్పలేదు.

సవన్యాన్‌తో ఇక్కడ చేసే గొప్ప వైన్ పేరు వాఁ జోన్. పసుపు పచ్చగా, పాత ఇత్తడి రంగులో ఉంటుంది. దాని తయారీలో మొదటి నియమమే మా నాసిక్ నియమానికి పూర్తిగా ఎదురు. పులియడం అయిపోయిన వైన్‌ను 228 లీటర్ల పాత ఓక్ పీపాలోకి ఎత్తి, పైన కావాలనే ఖాళీ వదిలేస్తారు. తర్వాత నింపరు. ఒక్క చుక్క కూడా. కొన్నాళ్లకు వైన్ పైన సన్నటి బూడిదరంగు తెర కడుతుంది. అది ఈస్టే. చక్కెర అయిపోయాక ఈ జాతి ఈస్ట్ పైకి తేలి, గాలి పీల్చుకుంటూ, వైన్‌లోని ఆల్కహాల్‌నే తిని బతుకుతుంది. గాలిని అది తీసుకుంటుంది కాబట్టి కింద ఉన్న వైన్ పాడవదు. ఎండాకాలం ఆ తెర చిక్కబడుతుంది, చలికాలం కొంత కిందికి రాలిపోతుంది, వసంతంలో మళ్లీ కడుతుంది. అందుకే ఈ పీపాలను చల్లటి నేలమాళిగల్లోనే కాకుండా, గాలి ఆడే చోట, వేడీ చలీ తగిలే చోట కూడా పెడతారు. కొందరు అటకల మీద పెడతారు. పంట కోసిన తర్వాత ఆరో ఏడు డిసెంబరు 15 దాకా వైన్‌ను సీసాకెత్తకూడదు. అందులో కనీసం 60 నెలలు ఆ తెర కిందే గడపాలి. చట్టం అది.

ఇన్నేళ్లలో ఆవిరై పోయింది పోగా, లీటరుకు 62 సెంటీలీటర్లు మిగులుతుందని లెక్క. అందుకే సీసా కూడా 62 సెంటీలీటర్లదే. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉండే ఆ సీసా పేరు క్లావెలాఁ. అంటే 228 లీటర్ల పీపా నుంచి సుమారు 228 సీసాలు. సీసా 40 యూరోల పైమాటే. ఈ గుణకారం తర్వాత ఎన్నో రాత్రులు పడుకుని చేసుకున్నాను.

నేను చదివింది మైక్రోబయాలజీ. ఈస్ట్ తెర సంగతి పుస్తకంలో ఎప్పుడో ఒక పేరాలో చదివాను కూడా. స్పెయిన్ షెర్రీ గురించిన పాఠం అది. పరీక్షలో వస్తే రాసేవాణ్ని. చదివింది చేతిదాకా దిగలేదు. చేతిదాకా దిగింది అమ్మమ్మ ఇంట్లో చూసింది. ఆవకాయ జాడీలో ముక్క మీదికి నూనె తేలకపోతే, పైన తెల్లటి పొర కడితే, అది బూజు. ఆ జాడీ ఎవరో తడి చెయ్యి పెట్టి తగలేసినట్టే. ఆ పొరను చూసి సంతోషించే మనుషులు భూమ్మీద ఉంటారని నా చేతికి ఎవరూ చెప్పలేదు.

డిజోన్‌లో కోర్సు చేస్తూ, శిక్షణ కోసం జూరాలో ఆ కుటుంబం దగ్గర చేరాను. యజమాని అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. భార్య లెక్కలూ అమ్మకాలూ చూసుకుంటుంది. మొదటి ఆదివారం ఆర్బ్వా వెళ్లి లూయీ పాశ్చర్ ఇల్లు చూసొచ్చాను. ఆయన పెరిగింది అక్కడే. వైన్‌కు వచ్చే జబ్బులకు సూక్ష్మజీవులే కారణమని తేల్చింది ఆ ప్రాంతపు వైన్‌ల మీద పనిచేసే. 1874లో ఊరి శివార్లలో ఒక ద్రాక్షతోట కూడా కొన్నాడు. ఆ ఇంటి ముందు ఫొటో దిగి, మైక్రోబయాలజీ చదివినవాడు చేరవలసిన చోటికే చేరాడన్న ధోరణిలో ఇంటికి ఓ పెద్ద మెసేజ్ పెట్టాను. బంధువుల గ్రూపులో చప్పట్ల వర్షం కురిసింది.

శీతాకాలం మొదట్లో యజమాని ఒక రోజు పని మీద బయటికి వెళ్తూ, సెల్లార్‌లో ఒక వరస పీపాలు నింపమన్నాడు. ఆ వరసలో షార్డొనే ఉంది, నింపి పెంచే రకం సవన్యాన్ కూడా ఉంది. ఈ రోజుల్లో సవన్యాన్‌ను తెర లేకుండా, మామూలు తెల్ల వైన్‌లా కూడా చేస్తున్నారు. అందుకే తికమక. వరస చివర మలుపు తిరిగాక ఇంకో నాలుగు పీపాలున్నాయి. వాటి మీద సుద్దముక్కతో ‘ఎస్ వీ’ అని రాసి ఉంది. సవన్యాన్‌ను పొడి అక్షరాల్లో రాశారనుకున్నాను. అది ‘తెర కింద’ అనడానికి వాళ్లు వేసుకునే గుర్తు. అడగడానికి ఆయన భార్య పైన వంటింట్లోనే ఉంది. పన్నెండు మెట్లెక్కితే సరిపోయేది. ఎక్కలేదు. పనివాడికి పని తెలియదనుకుంటారేమోనని.

మొదటి పీపా బిరడా తీసి గొట్టం పెట్టాను. పోస్తున్నకొద్దీ పడుతోంది. రెండు బకెట్ల వైన్ పట్టింది. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ‘ఇంత ఖాళీ అయ్యేదాకా పట్టించుకోలేదంటే ఈ పెద్దాయన వయసు మీద పడి నిర్లక్ష్యంగా ఉంటున్నాడు, నేను వచ్చాను కాబట్టి సరిపోయింది’ అనుకున్నాను. టార్చి వేసి లోపలికి ఒక్కసారి చూసుకున్నా సరిపోయేది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రెండో పీపా దగ్గరికి వెళ్లేసరికి డబ్బాలో పోసే వైన్ అయిపోయింది. మిగతా మూడూ బతికిపోయింది నా తెలివి వల్ల కాదు.

ఫిబ్రవరిలో అక్కడ పెద్ద పండగ. ఆరేళ్లు నిండిన వాఁ జోన్ పీపాను ఊరేగించి, జనం ముందు తెరుస్తారు. 1997లో మొదలైంది, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో చేస్తారు. ఆ రోజుల్లో మా దగ్గరికి కూడా చూడటానికి జనం వచ్చారు. యజమాని వాళ్లను ఆ మలుపు దగ్గరికే తీసుకొచ్చి, ఒక పీపా బిరడా మెల్లగా తీసి, టార్చి వేసి, ఒక్కొక్కరినీ వంగి చూడమన్నాడు. నేను ఆఖర్న చూశాను. కాస్త లోతులో, నీళ్ల మీద బూడిద చల్లినట్టు, ముడతలు పడ్డ తెర. దాన్ని ముట్టుకోకూడదని, పీపా కదిలించినా చిరిగిపోతుందని, రుచి చూడాలన్నా పైనుంచి కాకుండా ముందు పలకకు ఉన్న చిన్న చెక్క మేకు తీసి పట్టుకోవాలని ఆయన చెబుతున్నాడు. పక్క పీపా నేను నింపినది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ తర్వాత అందరికీ తలా కాస్త పోశాడు. ఏం వాసన వస్తోందని అడిగాడు. నా వంతు వచ్చింది. ముక్కుకు మొదట తగిలింది, కళ్లు మూసుకుంటే మా వంటిల్లు. ఖచ్చితంగా మెంతులు. వేగి, ఇంకో క్షణం ఉంచితే మాడిపోతాయనగా దింపిన మెంతులు. కానీ పుస్తకంలో అక్రోటుకాయ, ఆకుపచ్చ ఆపిల్ అని ఉంది. ‘అక్రోటుకాయ’ అన్నాను. ఆయన తలూపాడు. ఆ రోజు నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా అలాంటిదే.

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు. శిక్షణ పూర్తయినట్టు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆ కాగితం లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే వీసా పొడిగింపు లేదు, గ్రూపులో ఆ చప్పట్లకు అర్థం లేదు. ఇవన్నీ నిజమైన భయాలే. కానీ ఆ రాత్రి నేను చేసిన పనికి భయం ఒక్కటే కారణం కాదు. దాన్ని నేనే సరిచేయగలనన్న పొగరు కూడా ఉంది. అందరూ పడుకున్నాక సెల్లార్‌లోకి దిగి, ముందు పలక మేకు తీసి, నేను పోసిన రెండు బకెట్లూ తిరిగి పట్టి, నింపుడు వైన్ ట్యాంకులో పోసేశాను. పైన మళ్లీ ఖాళీ ఏర్పడింది. బయటినుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. తెర మాత్రం లేదు. నేను గొట్టంతో పోసినప్పుడే చిరిగి మునిగిపోయింది. తర్వాత అంచుదాకా నిండి, పైన గాలి లేక, మిగిలింది కూడా చచ్చింది. ఇప్పుడు ఖాళీ ఉంది, గాలి ఉంది, కాపలా లేదు. నేను చేసిన రిపేరు తప్పుకన్నా ఎక్కువ హాని చేసింది.

వసంతం వచ్చింది. మిగతా పీపాల్లో తెర చిక్కబడుతోంది. దీంట్లో అతుకులు అతుకులుగా కూడా సరిగ్గా కట్టడం లేదు. తెర కింద ఉన్న ప్రతి పీపా నుంచీ నమూనాలు ల్యాబ్‌కు పంపుతూ ఉంటారు. వెనిగర్ వైపు వెళ్తోందా, తెర పని చేస్తోందా అన్నది అంకెల్లో తెలుస్తుంది. దీని అంకెలు రెండు వైపులా తప్పాయి. ఆకుపచ్చ ఆపిల్ వాసనకు మూలమైన ఎసిటాల్డిహైడ్ పెరగాల్సినంత పెరగలేదు, వెనిగర్ పుల్లదనం మాత్రం మెట్టెక్కింది. వాఁ జోన్ చేసేవాళ్లకు అప్పుడప్పుడు ఒక పీపా ఇలా పక్కదారి పట్టడం కొత్త కాదు. అందుకే ఆయన నన్ను అనుమానించలేదు. కిటికీని అనుమానించాడు. కిందటి ఏడు ఆ మూల పాత కిటికీ తలుపు తీసి కొత్తది పెట్టించాడట. గాలి వాలు మారిందని, ఆ మూల చెడిపోయిందని తేల్చుకున్నాడు. భోజనాల దగ్గర ఆ వడ్రంగిని తిట్టుకునేవాడు. నేను రొట్టె నములుతూ వినేవాణ్ని.

ఒక సాయంత్రం, పక్కనున్న మూడు పీపాలూ రేపు వేరే చోటికి మారుద్దామన్నాడు. పీపా కదిలితే తెర చిరుగుతుందని ఆయనే చెప్పాడు. అది తెలిసీ, ఆ మూల కన్నా చిరిగిన తెర నయమని లెక్కేసుకున్నాడు. నా ఒక్క పీపా నాలుగు కాబోతోంది.

ఆ రాత్రి ఎందుకో షాతో షలోన్ గుర్తొచ్చింది. మాకు దక్షిణాన, కొండకొమ్ము మీద ఉన్న ఊరు అది. ఆ పేరుతో వాఁ జోన్ తప్ప ఇంకో వైన్ అమ్మడానికి వీల్లేదు. ఏటా కోతకు ముందు తోటలు తనిఖీ అవుతాయి. పంట ఆ స్థాయిలో లేదనుకున్నప్పుడు ఊరి రైతులంతా కలిసి ‘ఈ ఏడు మా పేరు వద్దు’ అనేశారు. 1974లో, 1980లో, 1984లో, 2001లో అలా ఒక్క సీసా మీద కూడా ఆ పేరు పడలేదు. వాళ్ల తోటలు వానకు పాడైతే వాళ్లు చెప్పుకున్నారు. ఈ సంగతి నేను క్లాసులో ప్రెజెంటేషన్ ఇచ్చి మార్కులు తెచ్చుకున్నాను.

తెల్లవారి ఆయన కాఫీ తాగుతుండగా చెప్పాను. నింపినది, తీసినది, రెండూ. నా ఫ్రెంచ్ అంత బాగుండదు, ఆ రోజు ఇంకా బాగోలేదు. ఆయన మధ్యలో ఆపి మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ ట్యాంకు వైన్ పోశావు, ఎంత పోశావు, తీసింది ఎక్కడ పోశావు. అప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. తీసిన వైన్‌ను నేను కలిపిన ట్యాంకును కూడా ఆయన ఇప్పుడు పరీక్షకు పంపాలి. ఆ మాట నాకు తట్టనే లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నింపిన రోజే చెప్పి ఉంటే ఆ వైన్‌కు ఏదో దారి చూసేవాళ్లం. నేను ఇన్నాళ్లూ కిటికీని తిడుతూ కూర్చున్నాను’ అన్నాడు. భార్య నా వైపు చూడకుండా కప్పులు తీసేసింది. ఆమెకు కోపం తగ్గడానికి ఆయనకన్నా చాలా ఎక్కువ రోజులు పట్టింది.

నన్ను పంపించేయలేదు. పీపాల రికార్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, ఆ పీపా పేజీలో జరిగింది జరిగినట్టు నా చేతనే రాయించి, సంతకం పెట్టించాడు. ట్యాంకు పరీక్ష రిపోర్టు బాగానే వచ్చింది. పీపాలు కదిలించే పని రద్దయింది. వడ్రంగికి ఒక వాఁ జోన్ సీసా వెళ్లింది, ఎందుకో అతనికి తెలియదు.

కొన్ని వారాల తర్వాత రుచి చూసేటప్పుడు ఆయన గ్లాసు నా చేతికిచ్చి, ‘ఇప్పుడు చెప్పు, నీకు నిజంగా ఏం వాసన వస్తోంది?’ అన్నాడు. ఫిబ్రవరిలో నేను చెప్పిన అక్రోటుకాయను ఆయన నమ్మలేదన్నమాట. మెంతుల గురించి చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. కర్రీ పొడి వాసన అని కొందరు కొనేవాళ్లు అంటారు అన్నాడు. ఆ వారం డిజోన్‌లో శ్రీలంక తమిళుల కొట్టు నుంచి మెంతులు తెచ్చి, వాళ్ల వంటింట్లో మూకుడులో వేయించి, ఒక చేతిలో మెంతులు, ఒక చేతిలో గ్లాసు ఇచ్చాను. ఆయన అటూ ఇటూ వాసన చూసి, భార్యను పిలిచాడు. ఆమె నాతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది ఆ రోజే.

ఇందులో మాయేమీ లేదు. మెంతులకు ఆ వాసన ఇచ్చేది సోటోలోన్ అనే రసాయనం. తెర కింద ఈస్ట్ తయారుచేసిన ఎసిటాల్డిహైడ్ నుంచి, ఏళ్లు గడిచేకొద్దీ, అదే సోటోలోన్ వాఁ జోన్‌లోనూ పుడుతుంది. చిటికెడంటే చిటికెడు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. కర్రీ పొడి అని అక్కడివాళ్లు అనేది కూడా అందులోని మెంతుల వల్లే. ఆ ప్రాంతపు వంటలో పుట్టగొడుగులు, మీగడ వేసి కోడిని ఈ వైన్‌లో వండుతారు. నేను దాంతో కలిపి తిన్నది మెంతి పులుసు. బాగుందనే నా అభిప్రాయం. యజమాని దానిమీద ఏమీ అనలేదు.

ఆ పీపా వాఁ జోన్ కాలేదు. వెనిగర్ వైపు ఇంకా పోకముందే బయటికి తీసి, షార్డొనేతో కలిపి, మామూలు తెల్ల వైన్‌గా సీసాలకెత్తారు. అలాంటి మిశ్రమం అక్కడ ప్రతి ఇంట్లో చేసేదే, తాగడానికి బాగానే ఉంటుంది. ధర మాత్రం వాఁ జోన్‌లో మూడో వంతు కూడా రాదు. అమ్మకానికి పెట్టినప్పుడు ఆయన నాకు ధరల జాబితా మెయిల్ చేశాడు, ఆ వైన్ కింద గీత గీసి. ఆరు సీసాలు తెప్పించుకున్నాను. తగ్గింపు నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.